దాలి పాలు, చిన్నరసాలు

పాలు ఎర్రబడేదాకా కాచే పని మా వైపు ఇళ్ళల్లోంచి ఎప్పుడు వెళ్ళిపోయిందో ఎవరూ గమనించలేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల నడుమ పెరిగిన నా ఈడు వాళ్ళను అడిగితే దాలి గుర్తుందంటారు. మీగడ ఎంత మందాన కట్టేదో వేళ్ళతో చూపిస్తారు. ఎండాకాలంలో ఆ పాలల్లో చిన్నరసాల మామిడి గుజ్జు కలుపుకొని తాగిన సంగతి ఎత్తితే మాత్రం కాసేపు ఆగి, "అవును కదా!" అంటారు. ఇప్పుడు పిల్లలు ఫోన్లో చూసి ఇంట్లోనే రకరకాల మిల్క్‌షేకులు చేస్తున్నారు. ఫలూదా షేక్, రసమలై షేక్, మామిడిపండుతో కుల్ఫీ షేక్. మిఠాయిని గ్లాసులోకి దించి తాగడం వాళ్ళకు కొత్త సరదా. చూస్తే నాకూ సంతోషమే. కాకపోతే ఈ పని మన ఇళ్ళల్లో ఎప్పుడో జరిగేదని, దానికి కావలసినవి అప్పుడు వేరే ఉండేవని, అవి ఒకటి తర్వాత ఒకటి పోయాయని వాళ్ళను కూర్చోబెట్టి చెప్పాలనిపిస్తుంది.

అన్నిటికంటే ముందు పోయింది దాలి.

సూర్యాపేటలో మా ఇంటి పెరట్లో బర్రెను కట్టేసే చోటికి ఎడంగా ఒక మూల దాలి ఉండేది. మోకాలెత్తు మట్టి గోడ, లోపల గుంత, గాలి ఆడడానికి కింద చిన్న కన్నం. పాలు పిండిన తర్వాత నాయనమ్మ అందులో పిడకలు పేర్చి నిప్పు వేసేది. మంట లేచినంతసేపు పాలపటువను దగ్గరికి కూడా రానిచ్చేది కాదు. మంట చల్లారి, పిడకలు లోపల్లోపల కాలుతుంటే పైన కాస్త ఊక చల్లి, అప్పుడు పాలపటువ దింపేది. మూతకు చిల్లులుండేవి, ఆవిరి పోవాలి కనుక. పొద్దున పెట్టిన పటువ పొద్దుగూకేదాకా కదిలేది కాదు. మేం ఆడుకుంటూ అటు పోతే, "దాని జోలికి పోకుండ్రి, పొంగితే పాలు పోయినట్టే" అని వాకిట్లోంచే కేకేసేది.

పొంగకుండా, మాడకుండా రోజంతా కాగిన పాలు వేరు. బర్రె పాలల్లో వెన్న ఆరు నుంచి ఎనిమిది శాతం దాకా ఉంటుంది. నీరు కొద్దికొద్దిగా ఆవిరైపోతుంటే మిగిలిన పాలు చిక్కబడతాయి. పాలలోని చక్కెర, మాంసకృత్తులు ఆ వేడిలో ఒకదానితో ఒకటి కలిసి రంగు మారతాయి, కమ్మటి వాసన పుట్టిస్తాయి. 1912లో లూయీ కమీయ్ మెయిలార్డ్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఈ మార్పును వివరించాడు. నాయనమ్మకు ఆయన తెలియదు. ఆమె మూత తీసి, మీగడ అంచున పాల రంగు చూసి, "అయినయి" అనేది. మూడు శేర్లు పోస్తే రెండు శేర్లు కూడా మిగిలేవి కావు. ఆ పాలకు చక్కెర వేయకపోయినా తీపి తగిలేది. పిడకల పొగ వాసన లేతగా ఉండేది. పైన మీగడను చెంచాతో తీస్తే రొట్టె మడతలా వచ్చేది.

దాలి ఎందుకు పోయిందంటే గ్యాస్ పొయ్యి వచ్చిందని అందరూ అంటారు. అది సగమే. 1970లో ఆపరేషన్ ఫ్లడ్ మొదలై, ఆ తర్వాత ఊరూరా పాల కేంద్రాలు వచ్చాయి. పొద్దున, సాయంత్రం పాలు కేంద్రానికి చేరాలి. వెన్న శాతం చూసి ధర కడతారు. రోజంతా దాలిలో కూర్చోవడానికి పాలకు తీరిక లేకుండా పోయింది. ఆ పాల డబ్బు మా వైపు ఎంతోమంది ఆడవాళ్ళ చేతికి వచ్చింది, పిల్లల ఫీజులు కట్టింది, పుస్తెలతాడు చేయించింది. దాలి పోయినందుకు బెంగ ఉన్నా, అది అట్లా పోయినందుకు నాకు కోపం లేదు. తర్వాత పట్నాల్లో పెరళ్ళు పోయాయి, బర్రెలు పోయాయి, పిడకలు పోయాయి. ఇప్పుడు దాలి పెడదామన్నా నేల లేదు.

ఇక మామిడిపండు. అది కోదాడ నుంచి వచ్చేది. అక్కడ మా మేనమామ ఉండేవాడు. కోదాడ దాటితే ఆంధ్రా సరిహద్దు, ఇటు తిరిగితే ఖమ్మం దారి. నూజివీడు, మైలవరం, తిరువూరు తోటల కాయ ఒక వైపు నుంచి, సత్తుపల్లి, కల్లూరు కాయ మరో వైపు నుంచి ఆ ఊళ్ళో దిగేది. మామయ్య పచ్చికాయలే కొనేవాడు. గంప అడుగున వరిగడ్డి, పైన కాయల వరస, మళ్ళీ గడ్డి. బస్సు పైన వేసి పంపితే, కండక్టర్‌కు చెప్పిన మాట ప్రకారం నాన్న సూర్యాపేట బస్టాండ్‌లో దించుకునేవాడు. ఆ గంపను చీకటి గదిలో పెట్టి తలుపేసేవాళ్ళం. ఏ కాయ ఎప్పుడు పండుతుందో అమ్మ గడ్డిలోకి చెయ్యి పెట్టి తడిమి చెప్పేది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారే, ఆ ఎండల్లో గది తలుపు తీస్తే వచ్చే వాసన ఇల్లంతా పాకేది. మిరుగు, అంటే మృగశిర కార్తె, దగ్గర పడేలోగా గంప ఖాళీ కావాలి. మిరుగు చినుకు పడితే పండులో పురుగు చేరుతుందని మా వాళ్ళ నమ్మకం.

చిన్నరసాన్ని కత్తితో కోయరు. రెండు అరచేతుల మధ్య మెల్లగా నలిపి, ముచ్చిక తీసేసి, మొదటి రెండు చుక్కల జీడి పారబోసి, ఆ తర్వాత పిండుతారు. పీచు ఉంటుంది. పలుచటి గుడ్డ గిన్నెకు కట్టి రసం వడగట్టేవాళ్ళం. పెద్దరసం ఇంకా పుల్లగా తగిలేది, చెరుకురసం పేరుకు తగ్గట్టే ఉండేది. ఈ రసాల పండ్లకు రెండు అవగుణాలు: తొక్క పలుచన, నిలవ ఉండవు. లారీలో దూరం పోలేవు. కండపట్టు, గట్టి తొక్క, పీచు లేని గుజ్జు ఉన్న బంగినపల్లి ఆ పోటీలో గెలిచింది. మా వైపు దాన్ని బేనిషాన్ అంటారు. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మంచి పండే, కాదనను. ముక్కలు కోసుకొని తినడానికి దాన్ని మించింది లేదు. కాని పాలల్లో కలిపినప్పుడు బంగినపల్లి మెత్తగా, మర్యాదగా ఉండిపోతుంది. చిన్నరసం పాల కమ్మదనాన్ని దాటి వచ్చి నాలుకను పట్టుకుంటుంది. పులుపు తీపి రెండూ ఉన్న పండే చిక్కటి పాలకు జోడు.

వరిగడ్డిలో మాగబెట్టడమూ పోయింది. మధ్యలో కార్బైడ్ పొట్లాలు వచ్చాయి. పైన పసుపు రంగు, లోపల పచ్చి. అది నిషేధమని చట్టం ఎప్పటినుంచో చెబుతున్నా చాలాకాలం ఆగలేదు. ఇప్పుడు లెక్క ప్రకారం ఇథిలీన్ వాయువుతో, అదీ పది లక్షల పాళ్ళలో వంద పాళ్ళకు మించకుండా, మాగబెట్టవచ్చు. ఇథిలీన్ అంటే పండు తనంతట తాను వదిలే వాయువే. గడ్డిలో కప్పి తలుపేసిన మా చీకటి గదిలో జరిగింది కూడా అదే. కాని గదిలో ఆ పని నిదానంగా జరిగేది, ఏ కాయ తొందర దానిది.

మా ఉమ్మడి నల్లగొండ జిల్లా సొంత పండు బత్తాయి. ఇంత బత్తాయి మరెక్కడా పండదన్నట్టు తోటలు ఉండేవి. పాల దగ్గరికి మాత్రం దాన్ని రానిచ్చేవాళ్ళు కాదు. పులుపుకు పాలు విరిగిపోతాయి. అందుకే మా ఇళ్ళల్లో బత్తాయి రసం గ్లాసు వేరు, పాల గ్లాసు వేరు.

చల్లదనం సంగతి మిర్యాలగూడలో చూశాను. వేసవి సెలవులకు చిన్నమ్మ ఇంటికి పోయేవాళ్ళం. చిన్నాన్న రైస్‌మిల్లులో గుమాస్తా. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ, అంటే లాల్ బహదూర్ కాలువ, ఆ నేలను వరి నేల చేసింది. వరి వచ్చింది కనుక మిల్లులు వచ్చాయి, మిల్లులు వచ్చాయి కనుక ఊక గుట్టలు లేచాయి. రోడ్డు పక్కన ఇంటెత్తు గుట్టలు. గాలి లేస్తే కళ్ళల్లో పడేది. ఆ ఊకకు అప్పట్లో పెద్ద విలువ లేదు. ఇటుక బట్టీలకు, పొయ్యిలకు, ఐసు నిలవ చేయడానికి తీసుకుపోయేవాళ్ళు.

ఫ్రిజ్ ఉన్న ఇళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. ఐసు ఫ్యాక్టరీలో రేకు డబ్బాల్లో గడ్డకట్టిన పొడవాటి దిమ్మలు వచ్చేవి. ఐసు దుకాణంలో వాటిని ఊకలో పూడ్చి, తడి గోనెసంచి కప్పి ఉంచేవాళ్ళు. ఊక పొరల్లో గాలి చిక్కుకొని ఉంటుంది. బయటి వేడి లోపలికి సులువుగా పోదు. అంత ఎండలో కూడా దిమ్మ సాయంత్రం దాకా నిలిచేది. మేం సైకిల్ మీద పోయి, రంపంతో కోయించుకొని, గోనెలో చుట్టి తెచ్చేవాళ్ళం. దారంతా వెనకాల నీళ్ళ చార.

ఆ ఐసును చిన్నమ్మ పాలల్లో వేయనిచ్చేది కాదు. "ఏ నీళ్ళో ఏమో, పాలల్ల ఎట్ల ఏస్తం?" అనేది. దాన్ని గోనెలోనే రోకలితో చితక్కొట్టి, పెద్ద సర్వలో పోసి, దోసిట్లతో గళ్ళుప్పు చల్లేది. ఆ ఐసు మధ్యలో పాలు, మామిడి రసం కలిపిన గంజు దించేది. ఉప్పు తగిలిన ఐసు సున్నా కంటే చాలా కిందికి చల్లబడుతుంది. గంజు గోడల వెంట పాలు పొరలుగా గడ్డకట్టేవి. ఆమె గరిటెతో ఆ పొరను గీకి మధ్యలోకి తోసేది, మళ్ళీ పొర, మళ్ళీ గీకడం. మేం చుట్టూ కూర్చొని చూసేవాళ్ళం. చివరికి అది ఇటు తాగేదీ కాదు, అటు తినేదీ కాదు. గ్లాసులో పోస్తే మెల్లగా జారేది. లోపల సన్నటి పలుకులు తగిలేవి. అందులో ఒక్క చుక్క నీళ్ళు చేరలేదు, ఒక్క ఐసు ముక్క కరగలేదు.

ఇప్పటి షేకుకూ ఆనాటి పాలకూ ఉన్న అసలు తేడా నాకు ఇక్కడే కనిపిస్తుంది. ఇప్పుడు చిక్కదనం కావాలంటే ఏదో ఒకటి కలుపుతాం. ఐస్‌క్రీమ్ ముద్ద, పాలపొడి, క్రీము, కస్టర్డ్ పొడి. అప్పుడు చిక్కదనం పాలల్లోంచి నీటిని తీసేయడం వల్ల వచ్చేది. చల్లదనం బయటినుంచి వచ్చేది. మా ఇంట్లో పాలు, పండు తప్ప గ్లాసులో మూడోది నోటికి తగిలేది కాదు.

కస్టర్డ్ అంటే గుర్తొచ్చింది, 1980ల తర్వాత మా వైపు పెళ్ళిళ్ళలో ఫ్రూట్ సలాడ్ వచ్చింది. పసుపు పచ్చటి పాలల్లో అరటి, ఆపిల్, ద్రాక్ష ముక్కలు. గుడ్డు పడని భార్య కోసం 1837లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ మొక్కజొన్న పిండితో చేసిన పొడి మా కోదాడ పెళ్ళి పందిట్లోకి అట్లా నడిచి వచ్చింది. పెళ్ళికి అది బాగానే ఉంటుంది. వందల మందికి దాలి పెట్టలేం కదా.

సూర్యాపేటలో మా గోడకు ఆనుకొని ఉన్న ఇంట్లో మేం ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ఒకామె ఉండేది. మా ఇంటి పాలు వాళ్ళింటికి, వాళ్ళింటి వంట మా ఇంటికి గోడ మీదుగా పోతుండేవి. 1980ల మధ్యలో రంజాన్ నెల సరిగ్గా మామిడి కాలంలో పడింది. చంద్రుడి లెక్క కనుక ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. దాదాపు 33 ఏళ్ళకు తిరిగి అదే కాలానికి వస్తుంది. 2018, 2019లో మళ్ళీ మే నెలలో వచ్చింది, ఖాలా అప్పటికి లేదు.

ఆ ఎండల్లో రోజంతా గుక్కెడు నీళ్ళు తాగకుండా ఉండి, సాయంత్రం ఖర్జూరంతో ఉపవాసం విడిచాక, వాళ్ళు మామిడి పాలు తాగేవాళ్ళు. పాలు మా దాలివి, మామిడి మా కోదాడ గంపలోది, చెయ్యి ఆమెది. పండక్కి చేసే షీర్ ఖుర్మాలో ఏమేం పడతాయో అవే కొద్దికొద్దిగా ఈ పాలల్లో వేసేది. నెయ్యిలో వేయించిన సన్న సేమ్యా, సారపప్పు, ఎండు ఖర్జూరం తురుము. వాటికి తోడు నానబెట్టిన సబ్జా గింజలు. పెద్ద గిన్నెలో మాకూ పంపేది. గులాబీ షర్బత్ సీసా వాళ్ళ అలమరలో ఎప్పుడూ ఉండేది, దీంట్లో మాత్రం పోసేది కాదు. మా అమ్మ ఒకసారి అడిగితే, "ఆమ్ ఉన్నప్పుడు గులాబ్ ఎందుకమ్మా, ఒకదాన్నొకటి తినేస్తయ్" అంది. ఆ మాట నేను ఇప్పటికీ పాటిస్తాను. ఒక్క గ్లాసులో రెండు పరిమళాలు వేయను.

సారపప్పు సంగతి కూడా చెప్పాలి. చింతగింజలో సగం కూడా ఉండని ఆ గింజ అడవిలోంచి, గిరిజనుల చేతుల మీదుగా వచ్చేది. కిరాణా కొట్లో పొట్లం కట్టి ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు అది జీడిపప్పు కంటే ప్రియం. దొరికినా పాతబడి చేదెక్కి ఉంటుంది. కొనేముందు ఒక గింజ నమిలి చూడాలి.

హైదరాబాద్, విజయవాడల మధ్య సూర్యాపేట సరిగ్గా నడిమి మజిలీ. ఏ బస్సైనా అక్కడ ఆగేది. ఆ బస్టాండ్ బయట జ్యూస్ బండ్ల దగ్గరే మిక్సీ మోత నేను మొదటిసారి విన్నది. మా ఇంట్లో అప్పటిదాకా కవ్వమే. సల్ల చిలికే పెద్ద కవ్వం కాదు, పప్పు ఎనిపే చిన్నది, దాన్నే మామిడి పాలకు వాడేవాళ్ళం. పాలను తిప్పి కలిపే విద్యుత్ యంత్రానికి 1922లో అమెరికాలోని రసీన్ పట్నంలో స్టీఫెన్ పోప్లావ్‌స్కీ పేటెంట్ తీసుకున్నాడు. హార్లిక్స్ కంపెనీ ఉండేదీ ఆ ఊళ్ళోనే. మాల్టు పాలు కలపడానికే అది తయారైంది. అక్కడ మొదలైన చక్రం మన వంటింటి గట్టు మీదికి వచ్చేసరికి చట్నీలు, పిండ్లు కూడా నూరే సుమీత్ మిక్సీ అయింది. మిక్సీ వల్ల నురుగు వచ్చింది, నిమిషంలో పని అయింది. చిక్కటి మీగడ పాలను మాత్రం అది ఎక్కువసేపు ఓర్చుకోదు. చల్లటి మీగడను నిమిషం మించి తిప్పితే వెన్న తేలుతుంది, గ్లాసు అంచున జిడ్డు పట్టుకుంటుంది. కవ్వానికి ఆ బాధ లేదు. హైవే నాలుగు వరసలయ్యాక, 2012 తర్వాత, చాలా కార్లు ఊళ్ళోకి రాకుండానే పోతున్నాయి. షేకులు ఇప్పుడు రోడ్డు పక్క పెద్ద హోటళ్ళలో, ప్లాస్టిక్ మూత ఉన్న గ్లాసుల్లో.

ఇంట్లో నేను ఇప్పుడు చేసే పద్ధతి ఇది. లీటరున్నర బర్రె పాలు. ప్యాకెట్ పాలైతే వెన్న ఎక్కువున్నవి. మందపాటి అడుగున్న గిన్నె కింద పాత పెనం పెట్టి, సన్నటి సెగ మీద రెండు గంటలకు తక్కువ కాకుండా కాచాలి. మట్టి పటువ ఉంటే మరీ మంచిది, కాని దాన్ని ముందురోజు నీళ్ళలో నానబెట్టి, మెల్లమెల్లగా వేడెక్కనివ్వాలి. కట్టిన మీగడను పక్కకు తోస్తూ ఉండాలి, కలిపేయకూడదు. లీటరుకు లోపుగా, లేత ఇటుక రంగుకు వచ్చాక దించి, పూర్తిగా చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టాలి. వేడి పాలల్లో మామిడి రసం పోస్తే విరుగుతుంది. చిన్నరసాలు దొరికితే ఆరేడు పండ్ల రసం జల్లెడ పట్టుకోవాలి. దొరక్కపోతే బంగినపల్లి గుజ్జులో ఒక పుల్లటి నాటు పండు కలిపితే కొంత దగ్గరికి వస్తుంది. చక్కెర చివర్లో, రుచి చూసి, అవసరమైతేనే. ఫ్రిజ్‌లో ఐసు ఉంది కనుక గళ్ళుప్పు పని ఇప్పుడు ఇంకా సులువు. గిన్నెను అందులో దించి గోడలు గీకుతూ ఇరవై నిమిషాలు తిప్పితే చాలు. ఉప్పు నీళ్ళు లోపలికి చిందకుండా ఒకరు గిన్నె పట్టుకోవాలి, ఈ పనికి పిల్లలు బాగా ముందుకొస్తారు.

దసరా వెళ్ళాక ఇదే పాలతో సీతాఫలం చేస్తాను. గింజలు చేత్తోనే తీయాలి. మిక్సీలో గింజ పగిలితే చేదు మాత్రమే కాదు, ఒంటికీ మంచిది కాదు. గుజ్జును పొయ్యి మీద అసలు పెట్టకూడదు, వేడికి దాని రుచి చెడుతుంది. సీతాఫలానికి సారపప్పు, సేమ్యా వద్దు. దాని గుజ్జులోనే పలుకులు ఉంటాయి.

పోయిన ఎండాకాలం ఖాలా కూతురికి ఫోన్ చేశాను. ఇప్పుడు కోదాడలో ఉంటుంది, మనవరాలు పుట్టింది. సేమ్యా ఎంత వేసేది, ఎప్పుడు వేసేది అని అడిగాను. చాలాసేపు మా నాయనమ్మ గురించి, గోడ గురించి మాట్లాడి, తర్వాత చెప్పింది: "అమ్మీ సేమ్యాను పాలల్లో ఉడకనిచ్చేది కాదు అక్కా. నెయ్యిలో ఎర్రగా వేయించి, చల్లారినంక చేత్తో నలిపి డబ్బాలో పెట్టేది. గ్లాసుల్లో పాలు పోసినంక, ఇచ్చే ముందు పైన చల్లేది. గ్లాసుకు ఒక చెంచా, అంతే. ముందే ఏస్తే పాలన్నీ అదే తాగేస్తది."